పరాయి కారు బ్రేకు డిస్కు మన కారునకు పనికివచ్చునా?

హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు గృహములలో రెండు తరముల క్రిందట బండి యనగా ఎడ్లబండియే. కలిగినవారి యింట సైకిలు ఉండెడిది. 1970వ దశకమున హోసూరున సిప్కాట్ పారిశ్రామికవాడ వెలసినది. 1980 ప్రాంతమున అశోక్ లేలాండువారి లారీల కర్మాగారము, టీవీయస్ వారి మోపెడ్ల కర్మాగారము పని ప్రారంభించినవి. నాటినుండి ఈ ఊరి రూపమే మారిపోయినది. నేడు మన బడి పిల్లల తండ్రులలో లేతు పట్టినవారు, అచ్చు పోసినవారు, వర్నియరు చేత పట్టి అంగుళములో వెయ్యవ వంతును లెక్కించువారు అనేకులు గలరు. అట్టివారికి బ్రేకులను గూర్చి ఒక బడిపంతులు వ్రాయుట సూర్యునకు దివిటీ చూపుటయే. అయినను వ్రాయుటకు ఒక కారణము కలదు.

బాగలూరు వైపునుండి తన యిద్దరు పిల్లలను బడికి తెచ్చుటకై ఒక తండ్రి పాత కారు నొకటి కొనినాడు. బ్రేకులు మెత్తగా నున్నవని మెకానిక్కు వద్దకు పోగా, అతడు, “గుజిరీలో పెద్ద కారు డిస్కులున్నవి, చవుక. కొద్దిగా రాకి, రెండు పట్టీలు వెల్డింగు చేసినచో కూర్చుండిపోవును. అప్పుడు చూడుడు, బండి గోడకు కొట్టినట్లు నిలుచును” అని చెప్పెనట. ఆ తండ్రి నన్నడిగినాడు. నేను భౌతికశాస్త్రము చెప్పువాడనే కాని బండి విప్పినవాడను కాను. కావున ఆ ప్రశ్నను పట్టుకొని, వర్క్‌షాపు నడుపుచున్న మన పిల్లల తండ్రులలో ఒకరివద్ద రెండు ఆదివారములు కూర్చుండి, డిస్కులను చేతబట్టి కొలిచి తెలిసికొన్న సంగతులను ఇందు పొందుపఱచుచున్నాను.

బ్రేకు అనగా బండిని ఆపునది అని మనము తలంతుము. శాస్త్రరీత్యా అది వేగమును వేడిగా మార్చు పనిముట్టు. 1,000 కిలోల బరువుగల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవుచున్నపుడు దానియందు రమారమి 1,39,000 జౌళ్ల శక్తి యుండును. వేగము 90 అయినచో అది 3,12,500 జౌళ్లగును. వేగము ఒకటిన్నర రెట్లు పెరుగగా శక్తి రెండుంబావు రెట్లు పెరిగినదని గమనింపుడు. ఈ 3,12,500 జౌళ్లు ఎంతయని తల్లులు అడుగవచ్చును. ఒక లీటరు చన్నీళ్లను పొయ్యిమీద పెట్టి మరుగు పట్టునంతవరకు కాచుటకు ఇంచుమించుగా అంతే శక్తి కావలెను. అనగా 90 వేగమునుండి ఒక్కమారు బండి నిలిపితిమేని, ఒక లీటరు నీరు మరుగునంత వేడి ఆ కొద్ది క్షణములలో చక్రముల వెనుక పుట్టినదన్నమాట.

మన ప్రాంతమున దీనికి మఱియొక విశేషము కలదు. హోసూరు సముద్రమట్టమునకు 850 మీటర్లకు పైని యెత్తున నున్నది. కృష్ణగిరి రమారమి 500 మీటర్ల యెత్తున నున్నది. శూలగిరి మీదుగా కృష్ణగిరికి దిగు కారు దాదాపు 350 మీటర్లు క్రిందికి దిగుచున్నది. పైన చెప్పిన 1,000 కిలోల కారునకు ఈ దిగుడులో విడుదలయగు శక్తి పదునొకండు లీటర్ల నీటిని మరిగించుటకు చాలును. ఇందు కొంత గాలి తినివేయును, కొంత టైర్లు, కొంత ఇంజను తినివేయును. గేరు తీసి న్యూట్రలులో దిగువాడు ఇంజను తినవలసిన భాగమును గూడ బ్రేకుల నెత్తిన వేయుచున్నాడు. ధర్మపురి దాటిన పిదప తొప్పూరు కనుమలో బ్రేకులు పట్టక లారీలు ముందున్న బండ్లమీదికి పోవుచున్న వార్తలను పత్రికలలో ఎన్నిమారులు చదువుట లేదు? వానిలో పెక్కింటికి మూలము ఈ న్యూట్రలు పొదుపేనని ఆ దారిన తిరుగు డ్రైవర్లే చెప్పుదురు.

ఇక డిస్కు సంగతి. వెనుకటి అంబాసిడరు, ఫియటు కార్లు చిరకాలము నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులతోనే నడచినవి. డ్రమ్ము మూతపెట్టిన గిన్నె వంటిది. లోపల పుట్టిన వేడి త్వరగా బయటికి పోదు. డిస్కు గాలిలో తెరచియున్న పళ్లెము. రెండు వైపులనుండి రెండు ప్యాడ్లు దానిని పట్టుకారువలె అదుమును. ఆ పట్టుకారు వంటి భాగమునకే క్యాలిపర్ అని పేరు. ఈ యుపాయము క్రొత్తది కాదు. ఇంగ్లండున లాంచెస్టర్ అను ఇంజనీరు 1902లోనే దీనికి పేటెంటు పొందెను. 1953లో ఫ్రాన్సుదేశమున ల మాన్ అనుచోట జరిగిన ఇరువదినాలుగు గంటల పందెమున జాగ్వార్ కార్లు డిస్కు బ్రేకులతో గెలిచిన పిదపనే లోకము దీనిని నమ్మినది.

డిస్కు సామాన్యముగా బూడిదరంగు పోత ఇనుముతో చేయబడును. పగలగొట్టి చూచిన బూడిదరంగుగా నుండుటచే ఆ పేరు వచ్చినది. అందు బొగ్గుజాతి పలుకులు పొరలుపొరలుగా నుండి కంపనములను మ్రింగివేయును. పల్లెబడులలో గంటకు బదులు వ్రేలాడదీసిన రైలుపట్టా ముక్క ఖంగున మ్రోగునట్లు ఈ డిస్కు మ్రోగదు. మ్రోగకుండుటయే దాని గుణము, లేకున్న త్రొక్కినప్పుడెల్ల వీధి యంతయు వినునట్లు కీచుమనును.

పెద్ద డిస్కు వేసిన లాభమేమి? లెక్క చూతము. బండి ఆగునపుడు బరువు ముందుకు వాలుటచే ముందు చక్రములే సుమారు నూటికి డెబ్బదివంతుల పని చేయునని అనుకొందము. ఒక్కొక్కటి 5 కిలోల డిస్కులు రెండు ఉన్నచో, 90 వేగమునుండి ఒక్కమారు ఆపినపుడు అవి రమారమి 47 డిగ్రీలు వేడెక్కును. అవే 8 కిలోల డిస్కులైనచో 30 డిగ్రీలు మాత్రమే వేడెక్కును. కనుమ దిగునపుడు, మరల మరల ఆపవలసి వచ్చినపుడు ఈ భేదము చాల విలువైనది. ఇంతవరకు మెకానిక్కు మాట సత్యమే.

కాని “గోడకు కొట్టినట్లు నిలుచును” అన్న మాట సత్యము కాదు. బండిని తుదకు ఆపునది డిస్కు కాదు, టైరునకు రోడ్డునకు నడుమనున్న పట్టు. నున్నని అరచేయంత జాగాలో ఒక్కొక్క టైరు నేలను పట్టుకొనియున్నది. గట్టిగా త్రొక్కినపుడు ఇప్పటికే చక్రములు బిగిసి జారుచున్నచో, లేక ఏబీయస్ ఉన్న బండిలో పెడలు పాదము క్రింద టకటక కొట్టుకొనుచున్నచో, ఆ బ్రేకులకు బలము చాలినదనియే అర్థము. అంతకు మించి ఎంత పెద్ద డిస్కు వేసినను ఆ ఒక్క ఆగుటలో ఒక్క గజమైనను తగ్గదు. అరిగిన టైర్లు మార్చినచో తగ్గును. ఈ సంగతి చెప్పగా ఆ తండ్రి మొగము కొంచెము చిన్నబోయినది. డిస్కుల వెల కంటె టైర్ల వెల ఎక్కువ కదా!

ఇప్పుడు అసలు ప్రశ్న. వేఱొక కారు డిస్కు మన కారున కూర్చుండునా? చూచుటకు అన్ని డిస్కులు ఒకే తీరున నుండును. నడుమ టోపివంటి ఉబ్బు, చుట్టును వెడల్పైన అంచు. కొలిచినపుడు గాని అవి అన్నదమ్ములా, అపరిచితులా అన్నది తెలియదు.

మొదటిది బోల్టుల వలయము. బోల్టు రంధ్రముల కేంద్రములగుండ ఒక వృత్తము గీచినచో దాని వ్యాసమును మెకానిక్కులు పీసీడీ అందురు. ఫియటు జాతి కార్లలో పెక్కింటికి నాలుగు బోల్టులు, వ్యాసము 98 మిల్లీమీటర్లు. టొయోటా ఇటియోస్ మొదలుగా పలు చిన్న కార్లకు నాలుగు బోల్టులు, 100 మిల్లీమీటర్లు. రెండు మిల్లీమీటర్లే కదా యని తేలికగా నెంచరాదు. ప్రతి బోల్టును తన స్థానమునుండి ఒక్కొక్క మిల్లీమీటరు తప్పును. రంధ్రము కొంచెము వదులుగా నున్నందున బలవంతముగా ఎక్కించిన ఎక్కును. ఎక్కినదే అపాయము. ఎక్కకున్న మెకానిక్కు తిరిగి గుజిరీకి పోయెడివాడు. ఎక్కిన బోల్టు వంకరగా కూర్చుండి, కొన్నివేల మలుపుల పిదప వదులగుటయో, తెగుటయో జరుగును. క్రొత్త రంధ్రములు తొలిచినచో పాత రంధ్రములకు క్రొత్తవానికి నడుమ లోహము సన్నబడి బలము క్షీణించును.

రెండవది నడిమి రంధ్రము. అది హబ్బుమీద తొడుగువలె బిగువుగా కూర్చుండవలెను. డిస్కును కేంద్రమున నిలుపునది అదియే. అది పెద్దదైనచో రింగు వేసి సరిచేయుదురు. ఆ రింగు లేతుమీద సరిగా తీయబడినదా, తగరపు రేకు చుట్టినదా యని చూడవలెను. రేకు చుట్టిన పనిని నేను కన్నులార చూచితిని.

మూడవది టోపి యెత్తు. దీనిని కొలుచువారు అరుదు. డిస్కు అంచు హబ్బు ముఖమునుండి ఎంత లోపలికి ఉండవలెనో నిర్ణయించునది ఈ యెత్తే. 5 మిల్లీమీటర్లు తేడా వచ్చినను డిస్కు క్యాలిపర్ నడుమ నుండక ఒక ప్రక్కకు జరుగును. అప్పుడు ఒక ప్యాడు ముందుగా అరుగును. లేదా డిస్కు అంచు క్యాలిపర్ పోతను ఒరయును. వర్క్‌షాపులో నాకు చూపిన ఒక డిస్కుపై గుండ్రముగా ఒక లోతైన గాడి కలదు. అది ఇట్లు ఒరసికొన్న గాడియే.

నాలుగవది మందము. చిన్న కార్ల డిస్కు ఒకే పలకగా నుండును. బరువు కార్ల డిస్కు రెండు పలకలుగా నుండి, నడుమ గాలి పోవుటకు సందులుండును. మందము ఇంచుమించు రెట్టింపు. పలుచని డిస్కునకై చేసిన క్యాలిపర్‌లో ఈ మందపు డిస్కు పట్టదు. పట్టించుటకై ప్యాడ్లను రాకినచో, కొన్ని వారములలోనే ఇనుము ఇనుమును తాకును. ఇంకొక మాట. ప్రతి డిస్కు మీద దాని కనిష్ఠ మందమును అంకెలలో ముద్రించియుందురు. గుజిరీ డిస్కు కొనువారు మొట్టమొదట తుప్పు తుడిచి ఆ అంకెను చదివి, మైక్రోమీటరుతో కొలువవలెను. పెద్ద కారు యజమాని దానిని ఎందుకు పారవేసెనో పెక్కుసార్లు అచ్చటనే తెలియును.

ఈ నాలుగును సరిపోయినను పెద్ద డిస్కుమీదికి పాత క్యాలిపర్ అందదు. దానిని దూరముగా జరుపవలెను. అందులకే ఆ మెకానిక్కు “రెండు పట్టీలు వెల్డింగు చేయుదును” అనినాడు. ఆ పట్టీమీద ఎంత భారము పడునో లెక్కించి చూచితిని. 1,000 కిలోల కారును గట్టిగా ఆపునపుడు ఒక్కొక్క ముందు టైరు నేలను సుమారు 2,750 న్యూటన్ల బలముతో పట్టుకొనును. టైరు వ్యాసార్ధము 28 సెంటీమీటర్లు, ప్యాడు డిస్కును పట్టుకొను చోటు కేంద్రమునుండి 10 సెంటీమీటర్లు అనుకొన్నచో, క్యాలిపర్‌ను లాగు బలము 7,700 న్యూటన్లగును. అనగా 780 కిలోల బరువు, దాదాపు ఎనిమిది బస్తాల బియ్యము, ఆ చిన్నపట్టీకి వ్రేలాడదీసినట్లు. అదియు నిలకడగా కాదు, త్రొక్కినప్పుడెల్ల పట్టుకొని, విడిచినప్పుడెల్ల వదలి. వీధిప్రక్క వెల్డింగు ఒకటి రెండు మాసములు దీనిని మోసి, ఒకనాడు వాన కురియు వేళ విడిపోవచ్చును. ఈ పట్టీయే ఈ వ్యవహారమంతటిలో నన్ను భయపెట్టినది. డిస్కు పగులుట అరుదు, పట్టీ విడుచుట అరుదు కాదని ఆ వర్క్‌షాపు పెద్దమనిషి అనినారు.

క్యాలిపర్‌ను గూడ పెద్ద కారునుండి తెచ్చినచో? అప్పుడు నూనె లెక్క మారును. పెడలు త్రొక్కినపుడు మాస్టర్ సిలిండరు నెట్టు నూనెయే క్యాలిపర్ పిస్టనును కదల్చును. పిస్టను వ్యాసము 48 మిల్లీమీటర్లనుండి 54కు పెరిగినచో దాని వైశాల్యము నూటికి 26 వంతులు పెరుగును. అంత నూనె అదనముగా కావలెను గనుక పెడలు అంత లోతుగా దిగును. ముందు బ్రేకులు బలపడగా వెనుకవానితో పొత్తు చెడును. ఇందుకు విరుద్ధముగా వెనుక చక్రములకు మాత్రమే పెద్ద బ్రేకులు పెట్టినచో అది మఱియు చెడ్డది. వెనుక చక్రములు ముందుగా బిగిసికొని బండి గిఱ్ఱున తిరుగును. ఏబీయస్ ఉన్న బండ్లలో చక్రపు వేగమును తెలుపు పండ్లచక్రము, దానిని చదువు సెన్సారు ఆ బండికే అమర్చబడినవి. పండ్ల సంఖ్య మారినచో ఆ యంత్రమునకు తప్పుడు వేగము తెలియును. మన హోసూరు కర్మాగారమునుండియే 2011లో అపాచీ మోటారు సైకిలు ఏబీయస్‌తో వెలువడినది. 2019 ఏప్రిల్ నుండి 125 సీసీ దాటిన క్రొత్త మోటారు సైకిళ్లన్నింటికిని ఏబీయస్ విధి యైనది. కళాశాలకు పోవు మన యువకులు చూపునకై పెద్ద డిస్కులు వేయించునపుడు ఈ సెన్సారును ఊడదీసి ప్రక్కకు కట్టివేయుదురట. తండ్రులు ఒకసారి వంగి చూచుకొనుట మంచిది.

అయినచో వేఱొక కారు భాగము ఎన్నడును పనికిరాదా? పనికివచ్చు సందర్భము ఒకటి కలదు. ఒకే కంపెనీ ఒకే చట్రముమీద తేలిక పెట్రోలు బండిని, బరువు డీజిలు బండిని చేయుచుండును. డీజిలు బండికి పెద్ద డిస్కు నిచ్చును. అట్టి అన్నదమ్ముల బండినుండి డిస్కు, క్యాలిపర్, దానిని మోయు పోతభాగము, ప్యాడ్లు అన్నియు ఒక్క జతగా తెచ్చి, మాస్టర్ సిలిండరును గూడ సరిచూచి అమర్చినచో అది ఇంజనీరు చేసిన పనితో సమానము. వెల్డింగు లేదు, రాకుడు లేదు. భాగముల నంబర్లు కంపెనీ పట్టికలో సరిపోల్చుకొనవచ్చును. చక్రపు రిమ్ములో చోటు చాలునా యన్నది మాత్రము చూడవలెను. పెద్ద డిస్కునకు 13 అంగుళముల రిమ్ము చాలకపోవుట కద్దు.

చట్టమును గూడ చెప్పవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, తయారుచేసినవారు మొదట నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదని చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పున దీనిని గట్టిగా నిలిపినది. అదే సంవత్సరపు సవరణచే, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేక ఆరు మాసములవరకు కారాగారము, లేక రెండును విధింపవచ్చును. అరిగిన డిస్కు తీసి అదే కొలత డిస్కు వేయుట మరమ్మతు. దానికి ఎవరును అడ్డురారు. వెల్డింగు పట్టీలతో పరాయి డిస్కు బిగించుటను మరమ్మతు అని ప్రమాదము పిదప బీమావారిని ఒప్పించుట కష్టము.

పిల్లలను గుంపుగా తెచ్చు వ్యాన్ల విషయమున ఇది మఱింత పట్టించుకొనదగినది. 2012లో తమిళనాడు ప్రభుత్వము పాఠశాల బస్సులకు ప్రత్యేక నియమములు చేసినది. ప్రతి వేసవిలో బడులు తెఱచుటకు ముందు అధికారులు బస్సులను తనిఖీ చేయుచున్నారు. కాని తలిదండ్రులు కలిసి స్వయముగా మాట్లాడుకొన్న వ్యాన్లు, ఆటోలు ఆ తనిఖీకి రావు. అట్టి బండి యజమానిని, “అన్నా, బ్రేకులు ఎప్పుడు చేయించితివి? ఏ భాగములు వేసితివి?” అని అడుగుట అమర్యాద కాదు. బిల్లు చూపమనుటయు అమర్యాద కాదు.

ఆ బాగలూరు తండ్రి తుదకు ఏమి చేసెనని అడుగుదురేమో. ముందు బ్రేకులు ఎందుకు మెత్తబడినవో చూడుమని వర్క్‌షాపువారు సలహా చెప్పిరి. విప్పి చూడగా డిస్కు కనిష్ఠ మందముకంటె పలుచబడి యున్నది. ప్యాడ్లు గాజువలె మెఱయుచున్నవి. నూనె కాఫీ డికాక్షనువలె నల్లబడినది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొను గుణము గలది. డాట్ 4 అను రకము క్రొత్తదిగా నున్నపుడు 230 డిగ్రీలవరకు మరుగరాదు. తేమ పీల్చిన పిదప 155 డిగ్రీలకే మరుగవచ్చును. కనుమలో అది మరిగినచో గొట్టములో ఆవిరి బుడగలు పుట్టును. నూనె నలుగదు, ఆవిరి నలుగును. అందుచే పెడలు నేలకు పోవును, బండి ఆగదు. రెండేండ్లకొకసారి నూనె మార్చుటకు కొద్ది వందల రూపాయలు చాలును. ఆయన ఆ కారునకే చెందిన కొలతల క్రొత్త డిస్కులు, ప్యాడ్లు వేయించి, నూనె మార్పించి, ముందు రెండు టైర్లు కొనినాడు. పెద్ద డిస్కులు గుజిరీలోనే యున్నవి.

క్రొత్త డిస్కులు వేయించువారు చేయవలసిన పని యింకను కొంత మిగిలియుండును. తుప్పు పట్టకుండ వానికి పూసిన నూనెను శుభ్రముగా తుడిపింపవలెను. హబ్బు ముఖముమీది తుప్పును గీకింపవలెను. అచ్చట ఒక రవ్వ మిగిలినను డిస్కు వాలి తిరిగి, త్రొక్కినపుడు స్టీరింగు వణకును. నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగింపవలెను. మొదట జనసంచారము లేని రోడ్డుమీద 60 వేగమునుండి 20 వఱకు మెల్లగా తగ్గించుచు, నడుమ కొంత విరామమిచ్చుచు ఎనిమిది పది మారులు చేసినచో ప్యాడు, డిస్కు ఒకదానితో ఒకటి కుదురుకొనును. వీనియన్నింటికంటె ముందు చేయవలసినది మఱియొకటి. ప్యాడ్లు మార్చునపుడు పిస్టన్లను వెనుకకు నెట్టియుందురు. కావున మొదటిసారి త్రొక్కినపుడు పెడలు ఏమియు పట్టక నేలకు దిగును. షెడ్డునుండి బండి కదలకముందే, ఇంజను నిలిపియుండగానే, పెడలు గట్టిపడువఱకు పలుమారులు త్రొక్కవలెను. పిదప నూనె పాత్రలోని మట్టము చూచి, తగ్గినచో నింపి, అప్పుడు మాత్రమే గేరు వేయవలెను.